ఒంగోలు బస్సులో ఫ్లాపీల సంచి

మొన్న మా ఆడపడుచు సరళ గిద్దలూరు నుంచి వచ్చింది. అక్కడ బడిలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతుంది. సెలవు దొరికితే అన్న ఇల్లని మార్కాపురం వచ్చి ఒక పూట ఉండి పోతుంది. ఈసారి వాకిట్లో చెప్పులు విడుస్తూనే, "వదినా, మన డ్రైవరు కొండయ్యన్న పోయినాడంట. ఎల్లుండి పెద్దకర్మ. ఇద్దరం పోయొద్దాం" అంది. నేను కందులు చెరుగుతున్నాను. చేట పక్కన పెట్టి లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. సరళ మంచినీళ్ళు తాగి చాప మీద కూర్చుని ఆయన మంచితనం ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఎవరి మందులు తెచ్చిచ్చాడో, ఎవరి కూతురికి పరీక్ష వేళకు హాలుటిక్కెట్టు అందించాడో అన్నీ చెప్పింది. చివరికి కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఆ ఒక్క విషయంలో తప్పితే ఆయన చేతిలో ఏదీ చెడిపోలేదు, పాపం" అంది. ఆ ఒక్క విషయం ఏమిటో నాకు తెలుసు. సరళకంటే బాగా తెలుసు. ఇంత వయసొచ్చి, మోకాళ్ళు పట్టేసి, పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి గుర్తుండని రోజుల్లో కూడా అది నన్ను వదలలేదు. మోసి మోసి భుజం కాయకాస్తే నొప్పి పోతుంది గదా, బరువు మాత్రం పోదు. అట్లాంటిదే ఇదీ.

ఆ రోజుల్లో మా ఇల్లు ఒంగోలు బస్సులు పోయే దారి మీదనే ఉండేది. ముందుగది సరళది. పెళ్ళి మాట ఎత్తితే లేచిపోయేది. డిగ్రీ చదివి, పట్నంలో కొన్నాళ్ళు నేర్చుకుని వచ్చి, ఆ గదిలో ఐదు కంప్యూటర్లు పెట్టి ఊరి పిల్లలకు నేర్పేది. చెప్పులు బయట విడవాలి, తడికాళ్ళతో లోపలికి రాకూడదు. మా అత్త తన పాతచీరలు చింపి కంప్యూటర్లకు ముసుగులు కుట్టింది. ఎవరైనా గుమ్మంలోంచి చూస్తే ఐదుగురు పేరంటాళ్ళు వరసగా కూర్చున్నట్టుండేది. ఆ గదికొక వాసన ఉండేది. వేడెక్కిన ప్లాస్టిక్, వంటింట్లోంచి వచ్చే పోపు, అత్త నమిలే వక్కాకు, మూడూ కలిసిన వాసన. పొద్దున దేవుడికి సాంబ్రాణి వేసి అత్త ఆ ధూపం ముందుగదిలోకి తేబోతే సరళ గుమ్మానికి అడ్డం నిలబడేది. "అమ్మా, పొగ లోపలికి పోతే చెడిపోతాయి." "దేవుడి పొగకు చెడిపోయేవి ఏం మిషన్లే?" అంటూ అత్త గుమ్మం బయటే నిలబడి చేత్తో పొగను లోపలికి తోసేది. పొగకంటే సరళకు దుమ్ము భయం ఎక్కువ. మా ఊరి దుమ్ము మామూలు దుమ్ము కాదు. పలకల షెడ్లలో రాయి కోసినప్పుడు లేచే బూడిదరంగు దుమ్ము. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. "వదినా, దుమ్ము పడితే ఇవి చచ్చినట్టే" అని సరళ రోజుకు పదిసార్లు అనేది. నేనూ రోజుకు పదిసార్లు తుడిచేదాన్ని.

ఆ కంప్యూటర్లకు బయటి లోకంతో ఏ సంబంధమూ లేదు. నెట్టు అనేది ఒంగోల్లో ఎవరో కొందరి దగ్గర ఉండేది. సరళతో చదువుకున్న ప్రసాదు అక్కడ ఉద్యోగం చేసేవాడు, అతని దగ్గర ఉంది. తాళంచెవి వెతికే పిచ్చి సరళకు అంటించింది అతనే. నాకు అర్థమయ్యేటట్టు ఆమె ఒకరోజు వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది. "ఒక ఉత్తరాన్ని రహస్యపు రాతలో రాసి పెట్టినారు వదినా. అది చదవాలంటే తాళంచెవి కావాల. ఇనుముది కాదు, ఒక అంకె. కోట్లకు కోట్లు అంకెలుండాయి, ఏది పడుతుందో ఎవరికీ తెలీదు. ఒక్కొక్కటే పెట్టి చూడాల్సిందే."

"ఎవరిల్లు దోచేదానికి?" అన్నాను.

సరళ నవ్వింది. "తాళం వేసినోళ్ళే తెరవమన్నారు, అది ఎంత గట్టిదో చూద్దామని. దేశదేశాల్లో కంప్యూటరు ఉన్నోళ్ళంతా ఊరికే, ఇష్టం కొద్దీ, పంచుకుని చూస్తాండారు. మనకూ ఒక పాలు వస్తాది."

"మన పాల్లో అది లేకపోతే?"

"ఉండదు వదినా. మనకు దొరికేది కల్ల. ఇక్కడ లేదని చెప్పడమే మన పని. అందరూ లేదు, లేదు అంటేనే గదా ఎక్కడుందో తేలేది."

నాకా మాట నచ్చింది. తప్పిపోయిన మేక కోసం నలుగురు నాలుగు దిక్కులకు పోతారు. దొరకని వాడు కూడా వెతికినట్టే.

ప్రసాదు ఆ పాళ్ళను ఫ్లాపీల్లోకి ఎక్కించి బస్సులో పంపేవాడు. ఫ్లాపీ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. అరచేయంత నల్లటి చదరపు బిళ్ళ, ఒక అంచున అటూ ఇటూ జరిగే రేకు. సరళ వాటిని కంప్యూటర్లలో పెట్టి పని ఎక్కించేది. పిల్లలు కూర్చున్నంతసేపూ పిల్లల పని, వాళ్ళు లేచిపోతే తాళంచెవుల పని. పాలు పూర్తయ్యాక ఫలితాలను మళ్ళీ ఫ్లాపీల్లోకి తీసి ఒంగోలు పంపితే, ప్రసాదు వాటిని చేరవలసిన చోటికి చేర్చేవాడు. ఎక్కడో ఒక పట్టీలో, ఫలానా వాళ్ళు ఇన్ని చూశారని పడేదట. సరళ తన పేరు ఇవ్వలేదు, మార్కాపురం అనే పెట్టింది. ఎంతమంది కిందికి దిగారో, మార్కాపురం ఎంత పైకి పోయిందో ప్రసాదు చీటీ రాసి పంపేవాడు. ఆ చీటీ వచ్చిన రోజు సరళ రెండు ముద్దలు ఎక్కువ తినేది.

ఇందులో నా పనీ ఒకటుంది. మా ఊళ్ళో కరెంటు పోయేది, వచ్చేది, మళ్ళీ పోయేది. సరళ మధ్యాహ్నాలు బడికి పోయి పాఠాలు చెప్పేది గనక, కరెంటు వచ్చినప్పుడల్లా కంప్యూటర్లను మళ్ళీ లేపే పని నాకిచ్చింది. ఏ బొత్తం తరువాత ఏ బొత్తమో అట్టముక్క మీద రాసి గోడకు తగిలించింది. నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు నాకు బొమ్మలతో సమానం. అట్ట మీది బొమ్మా, బొత్తం మీది బొమ్మా ఒకటేనా అని చూసుకుని నొక్కేదాన్ని. నల్లటి తెర మీద తెల్లచుక్కలు వరసగా పడేవి, మధ్యలో పది, ఇరవై, ముప్పై అని అంకెలు. అవి వందకు చేరేదాకా చూడకుండా వంటింట్లోకి పోబుద్ధయ్యేది కాదు. సరళ తన పిల్లలతో, "మా వదిన చేతిలో ఏదీ చెడిపోదు. మీకంటే నయం" అనేది. పుట్టింటగానీ అత్తింటగానీ నా చేతుల గురించి అట్లాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అత్త మాత్రం, "పలకలు కడిగే పిల్లను పంతులమ్మను చేస్తాండావు. కూర మాడితే నీ మిషన్లే తిందువులే" అనేది.

అత్త అన్నది నిజమే. మా నాయన పలకల షెడ్డులో పనిచేశాడు. బడి మాన్పించాక నేనూ పోయాను. మగవాళ్ళు రాయిని పొరలుగా చీల్చి చదరంగా కోసి పడేస్తే, ఆడపిల్లలం ఇసుకా నీళ్ళూ వేసి రుద్ది, కడిగి, ఎండలో ఆరబెట్టి, కొయ్యచట్రాలు బిగించేవాళ్ళం. ఎంత దుమ్ము పట్టిన పలకైనా తడిగుడ్డ పెట్టి తుడిచి ఎండ చూపిస్తే కొత్తదవుతుంది. నాకు ఈ లోకంలో బాగా తెలిసిన విద్య అదొక్కటే.

కొండయ్యన్న తోలేది గిద్దలూరు నుంచి మార్కాపురం మీదుగా ఒంగోలు పోయే ఎర్రబస్సు. ఊరు హనుమంతునిపాడు పక్కన ఒక పల్లె. గొర్రెలు కాసుకునే ఇంట పుట్టి డ్రైవరయ్యాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. బస్సు ఎత్తు ఎక్కనని మొరాయిస్తే దాన్ని గొర్రెను అదిలించినట్టే నాలుక కొట్టి అదిలించేవాడు. దారి పొడుగునా జనం ఆయన చేతికి ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళు. చదువుకునే కొడుక్కి పచ్చడి, బాలింతరాలికి కారప్పొడి, ఆస్పత్రి కాగితాలు, మందుసీసాలు, ఉంగరాలు కూడా. ఎప్పుడూ చీటీ రాసుకోలేదు, ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేదు. "మా నాయన మందలో పదిళ్ళ గొర్రెలుండేవి తల్లీ. ఏది ఎవురిదో మొగం చూసి చెప్పేవోడు. నేను పది సంచులు మరుస్తానా?" అనేవాడు. మా ఇంటి ముందు హారను రెండుసార్లు కొడితే నేను సంచీ, ఒక చెంబు మజ్జిగా తీసుకుని ఉరికేదాన్ని. మజ్జిగ గటగటా తాగి, "ఏంది పాపా, దొరికిందా మీ తాళంచెవి?" అని అడిగేవాడు. "ఇంకా లేదన్నా" అంటే, "నా బస్సుది ఇయ్యమంటావా? అది ఏ తాళానికైనా పడతాది" అనేవాడు. బస్సంతా నవ్వేది.

ఒక ఎండాకాలం సరళ స్నేహితురాలి పెళ్ళికని త్రిపురాంతకం పోయింది. పోతూ పోతూ పది ఫ్లాపీలు గుడ్డసంచిలో వేసి నా చేతికిచ్చి, "ఇది నెల్నాళ్ళ పని వదినా. రేపొద్దున కొండయ్యన్నకిచ్చెయ్. మిషన్లలోది నేను తీసేసినాను, ఇంక ఉండేది ఇదొక్కటే. జాగర్త" అంది. ఆమె అట్లా పోయిన కాసేపటికే గాలిదుమారం లేచింది. ముందుగది కిటికీ ఒక రెక్క తెరిచి ఉంది. నేను పరుగెత్తి మూసేలోగా గదంతా బూడిదరంగైపోయింది. సంచి విప్పి చూస్తే ఫ్లాపీల మీద కూడా దుమ్మే. ఒకదాని రేకు జరిపి చూశాను. లోపల పలకలాగే నల్లగా, నున్నగా ఉంది, మీద సన్నటి దుమ్ము. దుమ్ము పడితే చచ్చినట్టే అని చెప్పింది గదా. గిన్నెలో నీళ్ళు, మెత్తటి పంచెముక్క తెచ్చుకుని కూర్చున్నాను. పదింటికీ రేకులు జరిపి, తడిగుడ్డతో మెల్లగా, తిప్పి తిప్పి తుడిచాను. గుడ్డకు నలుపు అంటుకుంటే, ఎంత దుమ్ము వచ్చిందో అని సంతోషపడ్డాను. మిద్దె మీద బండ పరిచి ఎండలో ఆరబెట్టాను. దించేటప్పటికి అంచులు కాస్త వంగినట్టున్నాయి. ఎండకు పలకల చట్రాలూ వంగుతాయి, బరువు పెడితే సరవుతాయి. మర్నాటిదాకా వాటి మీద సన్నెకల్లు పెట్టాను. పొద్దున హారను మోగితే సంచి తీసుకుపోయి ఇచ్చాను. కొండయ్యన్న దాన్ని తల పైన, దేవుడి పటం పక్కన ఉండే అరలో పెట్టడం నా కళ్ళతో చూశాను.

సరళ పెళ్ళి నుంచి తిరిగొచ్చాక, నాలుగో రోజు సంచి వెనక్కి వచ్చింది, లోపల ప్రసాదు చీటీ. పదింట్లో ఒక్కటీ పనిచేయలేదు, అన్నీ వంకర పోయాయి, దారిలో ఎక్కడో వేడి తగిలినట్టుంది అని. సరళ ఒక ఫ్లాపీ పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. "డ్రైవరు పక్కనుండే ఇంజిను మూత మీద పెట్టినాడు. అది పెనంలా కాలుతుంది. చూడు, ఎట్ల వంగిపోయిందో" అంది. ఆ సాయంత్రం ఆమె పిల్లలకు ఆ ఫ్లాపీ చూపిస్తూ, తడి తగిలినా, ఎండ తగిలినా ఇది ఇంక పనికిరాదు అని పాఠం చెప్పింది. నేను వంటింట్లో పిండి కలుపుతూ ఆ పాఠం విన్నాను. అప్పుడే లేచి పోయి చెప్పి ఉంటే అయిపోయేది. తిట్టేది, రెండు రోజులు అలిగేది, అంతే. కానీ నా చేతిలో ఏదీ చెడిపోదన్న మాట పోతుందని, అత్త నోట్లో పలకలు కడిగే పిల్ల అన్న మాట మళ్ళీ నానుతుందని భయపడ్డాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు రాకముందే బస్సు వచ్చింది. హారను రెండుసార్లు మోగింది. నాకంటే ముందు సరళ వెళ్ళింది. బస్సు నిండా జనం.

"అన్నా, ఇంజిను మీద పెట్టినావు గదా సంచి?"

"నేను పెట్టలేదు తల్లీ. పైన దేవుని పక్కన పెట్టినా."

"మరి ఎట్ల వంగినాయి? నెల్నాళ్ళ పని పోయింది. నాకు చేతగాదమ్మా అని నువ్వు ముందే అనుంటే పోయేది గదా?"

"నా బిడ్డల మీద ఒట్టు. నేను పెట్టలా."

వెనక సీట్లోంచి ఎవరో, "మన డ్రైవరన్నకు సద్దికూడు వేడి చేసుకునే పొయ్యి అదే గదబ్బా" అన్నాడు. బస్సంతా నవ్వింది. కొండయ్యన్న నవ్వలేదు. నా వైపు చూశాడు. నేను ఆయన ఎక్కడ పెట్టాడో చూసినదాన్ని, నా ముందే పెట్టాడు. "పాపా, నువ్వు చెప్పు" అన్నట్టు చూశాడు. నేను తల వంచుకుని మజ్జిగ చెంబు అందించాను. అందుకోలేదు. గేరు వేసి బస్సు పోనిచ్చాడు.

ఇట్లాంటి మాట బస్సులో పుడితే బస్సుతోపాటే ఊరూరా పోతుంది. మందులిచ్చే వాళ్ళు, ఇంజిను వేడికి చెడిపోతాయేమో అని మానుకున్నారు. పచ్చళ్ళు ఇచ్చే వాళ్ళు ఇచ్చేటప్పుడే, "పైన పెట్టన్నా, ఇంజిను మీద పెట్టొద్దు" అని చెప్పడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కముందే ఆయన అడిగి మరీ యర్రగొండపాలెం బస్సుకు మారిపోయాడని విన్నాం. మా వీధిలో ఆ రెండు హారన్లు మళ్ళీ మోగలేదు. తరువాత ఆ తాళం ఎక్కడో, ఏ దేశంలోనో, ఎవరి కంప్యూటరుకో తెరుచుకుందని ప్రసాదు చెప్పాడు. నెట్టు వీధివీధికీ వచ్చింది, సరళ గది మూసేసి ఉద్యోగానికి పోయింది. అత్త పోయింది. ఆమె కుట్టిన ముసుగులు నేను గిన్నెలు దించే గుడ్డలు చేసుకున్నాను.

మొన్న చాప మీద కూర్చున్న సరళను మెల్లగా అడిగాను. "ఆ పోయిన పదింట్లో ఆ తాళంచెవి ఉండి ఉంటే ఎట్లనే?"

"ఏం కాదు వదినా. మన దగ్గర్నుంచి రాలేదంటే ఆ పాలు ఇంకొకళ్ళకు ఇచ్చేస్తారు. ఎవురో ఒకరు చేసే ఉంటారు. ఆ పొద్దు కూడా తెలుసు నాకు, కోపంలో అరిచినా అంతే" అంది.

తాళం తెరుచుకుందని విన్నా, లోకమంతా వెతికినదాన్ని ఒకసారి నేనే తుడిచి పారేసి ఎంతమందిని ఊరికే తిప్పానో అని ఇన్నేళ్ళూ ఒక మూల భయపడ్డదాన్ని. అదేమీ లేదు. ఏ దేశంలోనో, మొగం కూడా తెలియని మనిషి నా పాపం తుడిచి పెట్టాడు. కొండయ్యన్న పోగొట్టుకున్నది మాత్రం ఇంకొకరికి ఇచ్చి చేయించేది కాదు. ఇప్పుడు మా మనవరాలు ఫొటో పంపితే నిమిషంలో నా ఫోన్లో పడుతుంది. ఎవరి చేతిలోనూ ఏదీ పెట్టనక్కర్లేదు. ఎవరినీ నమ్మనక్కర్లేదు గనక, ఎవరి మీదా మాట పడే పని కూడా లేదు. సుఖమే. కానీ దారిన పోయే బస్సును ఆపి, పేరూ ఊరూ తప్ప ఇంకేమీ తెలియని మనిషికి నెల్నాళ్ళ కష్టం ఇచ్చి ఇంట్లోకి వచ్చి నిశ్చింతగా పడుకున్న రోజులవి. అంత నమ్మకం సంపాదించుకున్న మనిషిని నేను ఒక్క తలవంపుతో పోగొట్టాను. ఆలోచిస్తే ఒళ్ళు అలిసిపోతుంది తప్ప ఏడుపు కూడా రాదు.

పెద్దకర్మకు పోయాం. ఇంటి ముందు షామియానా కింద బంతులు సాగుతున్నాయి. సరళ కొంగు బిగించి వడ్డనలో చేరింది. లోపల గోడకు ఆనుకుని కొండయ్యన్న భార్య అంకమ్మ కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఆమె చేయి పట్టుకుని, ఎక్కడా ఆగకుండా చెప్పేశాను. తడిగుడ్డ, మిద్దె మీది ఎండ, సన్నెకల్లు, తలవంచుకోవడం, అన్నీ. అంకమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు.

"మొదట్లో ఒట్లు పెట్టుకునేవోడమ్మా" అంది. "అందరూ అదే మాట అంటాంటే, రానురాను ఆయనకే అనుమానం వచ్చింది. నేనే మరిచిపోయి ఆడ పెట్టినానేమోనే అంకీ అనేవోడు. ఆ పైన తన క్యారేజీ కూడా ఆ ఛాయలకు పోనీలేదు. రిటైరయ్యేదాకా సల్లటి కూడే తిన్నాడు. మొన్న పానం బాగలేనప్పుడు కూడా, ఆ పిల్ల పని పాడు చేసినా అన్నాడు."

ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. తోసేసింది. కోపంగా కాదు, అలిసిపోయి.

"నా కాళ్ళు పట్టుకుంటే ఏమొస్తాది? నేను ఎప్పుడూ నమ్మలా ఆ మాట. బయట తింటాండారు చూడు, వాళ్ళంతా ఆయనతో బండ్లు తోలినోళ్ళు, ఎక్కినోళ్ళు. ఆ నవ్వింది వాళ్ళే. లేసి పోయి ఆడ చెప్పు."

గోడ పట్టుకుని లేచాను. గడప దాటి షామియానా కింద నిలబడితే ఒక్కొక్కరే తలెత్తి చూశారు. తెల్లగడ్డాల వాళ్ళు, మోచేతుల దాకా పప్పు అయిన వాళ్ళు. సరళ అన్నం గంప పట్టుకుని, ఏందన్నట్టు నా వైపు తిరిగింది.

"కొండయ్యన్న ఆ సంచి ఇంజిను మీద పెట్టలేదు" అన్నాను.

వెనక బంతిలోంచి ఎవరో, "గట్టిగా చెప్పమ్మా, వినపడలా" అన్నారు.

గట్టిగా చెప్పాను.